దిద్దిన ఓట్లు

అడవి బడిలో ముళ్లపంది టీచరు సోషల్ చెప్పేవారు. ప్రజాస్వామ్యం పాఠం అయిపోగానే, క్లాసు లీడరును ఓట్లేసి ఎన్నుకోమన్నారు. ఆ బడిలో లీడరు గంట కొడితేనే పిల్లలు లేచి నీళ్లు తాగాలి. ఇన్నాళ్లూ లీడరు మొదటి ర్యాంకు చిలుకే. అది పాఠాలు వల్లెవేస్తూ గంట సంగతే మరిచిపోయేది.

పదిమంది పిల్లలూ ఆకుల మీద పేర్లు రాసిచ్చారు. తొమ్మిదింటి మీద ఉడుత పేరుంది.

టీచరు తన ముల్లొకటి పీకి, ఎర్రటి నాగజెముడు పండు రసంలో ముంచి, ఆ తొమ్మిదింటినీ కొట్టేశారు.

"ఓటులో తప్పేముంటుందండీ?" అంది ఎలుగుబంటి పిల్ల.

"క్లాసులో ఫస్టు ఎవరో ఏడాదిగా చెబుతూనే ఉన్నాను కదా! తప్పు రాసినవాళ్లంతా సరైన పేరు పదేసి సార్లు రాసి తీసుకురండి."

రాసి తెచ్చారు. టీచరు ఓపిగ్గా అన్నీ లెక్కపెట్టారు. పదిమంది ఉన్న క్లాసులో చిలుక తొంభై ఒక్క ఓట్లతో గెలిచింది.

మర్నాడు టీచరు, "ప్రజాస్వామ్యమంటే ఏమిటి?" అని అడిగారు.

పిల్లలంతా ఎండిపోయిన గొంతులతో, "చిలుకండీ" అన్నారు.

టీచరు అందరికీ పదికి పది వేశారు.