హనుమంతమ్మ ప్రార్థన

ఆ రోజు ఇంట్లో నాయన ఓబుళేశు ఉన్నాడు. అమ్మ సంతోషమ్మ ఉంది. నులక మంచం మీద అవ్వ గురమ్మ, చాప మీద చర్చి సంఘంలోని ఆడవాళ్లు, వాళ్ల మధ్యలో తల వంచుకుని స్వర్ణలత.

ఇంకా రావలసింది ఒక్కరే. కడప నుంచి హనుమంతమ్మ.

దయ్యాలను వెళ్లగొట్టడానికి ఆమె పెట్టింది పేరు. కమలాపురం చుట్టుపక్కల ఏ ఇంట్లో ఆడపిల్ల తిక్కతిక్కగా ఉన్నా ఆమెనే పిలుస్తారు. బాప్తిస్మం తీసుకున్నప్పుడు పేరు మార్చుకోమంటే, "నేనెవరో దేవునికి తెలుసులే" అందట.

స్వర్ణకు పట్టిన దయ్యమేమిటో సంఘమంతటికీ తెలుసు.

పోయిన వారం శనక్కాయలు ఒలుస్తూ అమ్మ పెళ్లి మాట ఎత్తింది. డిగ్రీ అయిపోవస్తోంది కదా, కర్నూలు నుంచి సంబంధం వచ్చింది అంది. స్వర్ణ చేటలో గింజల్ని అటూ ఇటూ జరిపి, ఉన్న మాట చెప్పేసింది. మగపిల్లలెవరి మీదా తనకు మనసు పోలేదని. పోయింది చర్చిలో తనతో పాడే శ్రావణి మీదేనని.

అమ్మ మొదట నవ్వింది. తర్వాత ఏడ్చింది. సాయంత్రం వెళ్లి శ్రావణి వాళ్లమ్మకు చెప్పేసింది.

ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఫోన్లు లాగేసుకున్నారు. తెల్లారితే శ్రావణిని కోడుమూరులో మేనత్త ఇంటికి పంపేస్తున్నారు. అక్కడే ప్రధానం, అక్కడే పెళ్లి.

ఇది తప్పయితే నువ్వే తీసెయ్యి అని స్వర్ణ దేవుణ్ని ఎన్నోసార్లు అడిగింది. ఆయన తీసెయ్యలేదు. చర్చిలో శ్రావణి పక్కన నిలబడి పాడుతుంటే ఆయన ఇంకాస్త దగ్గరికి జరిగినట్టే ఉండేది.

ఇప్పుడు ఆమెకు కావలసింది ఒక్కటే. శ్రావణి వెళ్లిపోయేలోగా ఒక్కసారి మాట్లాడాలి.

"ఒక్క మాట చెప్పేసి వస్తా నాయనా" అని పొద్దున కూడా బతిమాలింది. ఓబుళేశు ముఖం తిప్పుకున్నాడు.

హనుమంతమ్మ వచ్చింది. తెల్లచీర, చంకలో బైబిలు, చేతిలో నూనె సీసా. ఎండకు కమిలిన ముఖంలో నవ్వన్నది లేదు.

"ఈ పాపేనా?"

"ఈ పాపేనమ్మా" అంది సంతోషమ్మ. "శానా బాగా సదువుతాండె. పాటలు పాడుతాండె. ఎట్ల పట్టిందో ఏమో."

"పాటలు పాడే పిల్లకు దయ్యమెట్ల పడతాది మే?" అంది అవ్వ మంచం మీంచి.

"నువ్వు గమ్మునుండత్తా."

హనుమంతమ్మ వేలికి నూనె అద్దుకుని నుదుట రాయబోయింది. స్వర్ణ ఆ చెయ్యి విసిరికొట్టింది. సీసా నేల మీద దొర్లింది.

"నాకేం పట్టలేదు! ఇంటింటికీ తిరిగి ఆడపిల్లల్ని ఏడిపిచ్చి ఏం మూట గట్టుకుంటాండావు నువ్వు?"

"స్తోత్రం, స్తోత్రం" అన్నారు చాప మీది ఆడవాళ్లు.

ఓబుళేశు చెయ్యెత్తాడు.

"కొట్టొద్దప్పా." హనుమంతమ్మ వంగి సీసా తీసుకుంది. "ఆ రెండో పాప యాడుండాది?"

"ఆ పిల్ల పేరెత్తొద్దు మా ఇంట్లో" అన్నాడు ఓబుళేశు.

"ఎత్తకపోతే ఎట్ల? ఇద్దరినీ పట్టింది ఒగటే. ఈమెలోంచి ఎల్లగొడితే పోయి ఆమెలో దాక్కుంటాది. ఇద్దరినీ ఒగే గదిలో కూచ్చోబెట్టాల."

"వాళ్లు పంపరమ్మా" అంది సంతోషమ్మ.

"పెండ్లయినాక మొగుని ఇంట్లో బయటపడతాదని చెప్పు. ఎందుకు పంపరు?"

పంపారు. శ్రావణిని వాళ్లమ్మ చెయ్యి పట్టి లాక్కొచ్చి గడపలో వదిలింది. ఆ పిల్ల కళ్లు వాచిపోయి ఉన్నాయి.

జుట్టు పట్టి ఊపడం, చెంపలు వాయించడం, ఇలాంటి ప్రార్థనలు స్వర్ణ చూసింది. తనను కొడితే కొట్టనీ. తన నోటిమాట వల్ల ఇప్పుడు శ్రావణిని కూడా కొడతారు.

"అందురూ ఇనండి" హనుమంతమ్మ గొంతు పెంచింది. "ప్రార్థన మొదలైనాక ఎవురూ ఆ లోపలి గది తలుపు తీయగూడదు. బయటికి పోయేది ఎదురొచ్చినోళ్లను పట్టుకుంటాది."

ఆడవాళ్లు గోడ దాకా జరిగారు. ఓబుళేశు కాళ్లు ముడుచుకున్నాడు.

"లోపల ఏడుపులు ఇనపడతాయి. నవ్వులు గూడా ఇనపడతాయి. పోయే ముందు అది అట్లనే చేస్తాది. నేను ఆమెన్ అనేదాంక ఒగురు గూడా లేయొద్దు."

"శానా సేపు పడతాదామ్మా?" అంది సంతోషమ్మ.

"మొండిది. పడతాది."

లోపలి గదిలో శనక్కాయల మూటల మధ్య ఇద్దరినీ నిలబెట్టింది. స్వర్ణ శ్రావణికి అడ్డంగా నిలబడింది.

"దాన్ని ముట్టుకోవద్దు. ఏం చేసినా నన్నే చెయ్యి."

హనుమంతమ్మ నూనె సీసాకు మూత బిగించింది. కిటికీ రెక్క వేసింది. మూలనున్న నీళ్ల చెంబు తెచ్చి వాళ్ల ముందు పెట్టింది. తర్వాత గడప దాటి అవతల నిలబడింది.

"నేను ఈడ నిలబడి గట్టిగా ప్రార్థన చేస్తాంటా. మీ మాటలు ఎవురికీ ఇనపడవు."

స్వర్ణకు అర్థం కాలేదు. శ్రావణికే ముందు అర్థమైంది. వెనక నుంచి స్వర్ణ చెయ్యి పట్టుకుంది.

"నన్నూ మా వెంకటేశ్వరమ్మనూ ఇడదీసిననాడు మాకు ఎవురూ ఇంత సేపు ఇయ్యలేదు పాపా" అని, క్షమించమనడానికి స్వర్ణ నోరు తెరిచేలోపే హనుమంతమ్మ తలుపు మూసేసింది.