నీలం నీళ్లు

పెయింటింగ్ షాపు నుంచి రాగానే శేషగిరి రంగు చల్లే ఎయిర్ బ్రష్ విప్పాడు. సూది తుడిచి, రంగు కప్పు సింకులో కడిగాడు. నీలం నీళ్లు పారాయి.

"ఇవాళేం వేశారు?" పక్కనే అంట్లు తోముతున్న భార్య ఉమారాణి అడిగింది.

"స్కూలు వ్యాను మీద సీనరీ."

"అందులో చెట్లు లేవా? మూడు నెలలుగా నీలమే కడుగుతున్నారు."

అతని చెయ్యి ఆగిపోయింది. "నీకు తెలుసా?"

"మీ షాపు ఎదురుగా ఫ్లెక్సీలు ప్రింట్ చేసే మిషన్ పెట్టారని మీరన్నప్పుడే తెలుసు."

"పని లేదని చెప్పలేక, వచ్చేముందు కప్పులో రెండు చుక్కల రంగు పోస్తున్నా."

ఉమారాణి గిన్నె బోర్లించింది. పక్కగదిలో కూతురు ఇషిత హోమ్‌వర్క్ చేసుకుంటోంది. ఉమారాణి గొంతు తగ్గించింది.

"రేపు ఎరుపు పొయ్యండి. 'నాన్న రోజూ ఆకాశమే వేస్తారా' అని పిల్ల అడుగుతోంది."