దుబాసీ

క్లాసులో అందరూ నవ్వారు. ఒక్క క్షణం ఆగి ఆమె కూడా నవ్వింది. ప్రొఫెసరు ఏమన్నాడో ఆమెకు తెలీదు. పక్కవాళ్ళ పళ్ళు కనబడితే తనూ పళ్ళు చూపించడం ఈ దేశం వచ్చాక అలవాటైపోయింది.

నేలల గురించి చదవడానికి వచ్చింది. పొద్దస్తమానం మనుషుల మొహాలు చదవడంతోనే సరిపోయేది. పరాయిభాషలో మాట్లాడీ మాట్లాడీ సాయంత్రానికి దవడలు నొప్పి పుట్టేవి. ఎవరేం అడిగినా తలూపేసేది. మళ్ళీ చెప్పమంటే ఇంకో వాక్యం వినాలి కదా! గదిలో ఉండే తెలుగమ్మాయి అందుకే ఆమెకు గంగిరెద్దు అని పేరు పెట్టింది.

ఆ గంగిరెద్దుకే ఆసుపత్రిలో దుబాసీ పని దొరికింది. ఇక్కడి భాష రాని రోగులకు డాక్టరు చెప్పేది వాళ్ళ భాషలో చెప్పాలి. ఊళ్ళో తెలుగు తెలిసినవాళ్ళు తక్కువ. పిలిచినప్పుడు వెళితే చాలు.

"పాఠం నీకే ఎక్కదు. ఇంకొకళ్ళకి నువ్వు ఎక్కిస్తావా? అసలు ఎలా ఇచ్చారే నీకీ పని?" అంది గదిలో అమ్మాయి.

"ఏమో. వాళ్ళేదో అడిగారు. నేను తలూపాను."

ఒక్క షరతు మాత్రం రెండుసార్లు చెప్పించుకుని మరీ అర్థం చేసుకుంది. ఉన్నదున్నట్టు చెప్పాలి. ఒక మాట కలపకూడదు, ఒక మాట మింగకూడదు.

ఆ మధ్యాహ్నం పిలుపొచ్చింది. క్లాసు నుంచి అలాగే, వానకు తడిసిన బూట్లతో వెళ్ళింది. డాక్టరు గది బయట కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. చీర మీద మందపాటి కోటు. ఈ పిల్లని చూడగానే మొహం చాటంత చేసుకుంది.

"తెలుగేనా తల్లీ?"

"తెలుగేనండీ."

"అమ్మయ్య! నాకు వీళ్ళ భాష ముక్క రాదు. కూచో, కూచో. లోపలికి పిలిచేలోపు ఏదన్నా మాట్లాడు."

"ఏం మాట్లాడమంటారు?"

"ఏదైనా సరే. తిట్టినా పర్లేదు. తెలుగులో తిట్టు."

చాలా రోజుల తర్వాత గంగిరెద్దుకి సమయానికి నవ్వొచ్చింది.

"ఈ దేశం వచ్చి చాలా రోజులైందా అమ్మమ్మగారూ?"

"చాన్నాళ్ళే అయింది. ఆయనున్నప్పుడు అన్నీ ఆయనే చూసుకునేవారు. ఆయన పోయాక ఇంట్లో ఇంక మాటే లేదు."

ఆ తర్వాత ఏమైందో ఏమో, ఆ పిల్ల నోటికి గట్టు తెగింది. క్లాసు గురించి చెప్పింది. దవడల నొప్పి గురించి చెప్పింది. గంగిరెద్దు సంగతీ చెప్పింది. పెద్దావిడ ఎండలో కూచున్నట్టు హాయిగా కళ్ళు మూసుకుని వింది. మధ్యమధ్యలో "ఆ మాట మళ్ళీ అను" అని అడిగి మళ్ళీ చెప్పించుకుంది.

"అన్నీ వదిలేసి ఇంటికెళ్ళిపోవాలని ఉందా?"

"రోజూ ఉంటుందండీ."

"ఉండనీ. కొన్నాళ్ళకి అదీ అలిసిపోతుంది."

లోపలికి రమ్మన్నారు. డాక్టరు దుబాసీ కోసం మెల్లగా, విడివిడిగా మాట్లాడాడు. జబ్బు కాలేయం దాకా పాకింది. కోసి తీసేసే అవకాశం లేదు. ఇచ్చే మందులు నొప్పికే గానీ జబ్బుకి పనిచేయవు. ఇంక నెలల్లోనే లెక్క.

ఈ దేశంలో అడుగు పెట్టాక మొదటిసారి ఆమెకు ఒక్క ముక్క కూడా జారిపోకుండా అంతా అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేదనిపించింది.

పెద్దావిడ ఒళ్ళో ఉన్న సంచీని గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఇటు తిరిగింది.

"ఏమంటున్నాడు తల్లీ?"

డాక్టరు నోట్లోంచి వచ్చినప్పటికంటే తెలుగులో ఆ మాటలు ఇంకా బరువుగా ఉన్నాయి.

"కడుపులో... వాపుందట అమ్మమ్మగారూ. మందులు రాస్తారట. నొప్పి తగ్గిపోతుందట. బలంగా తినమంటున్నారు."

"అంతేనా?"

"అంతేనండీ."

ఆవిడ ఆ పిల్ల మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత చల్లబడిపోయిన ఆ వేళ్ళని తన రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దింది.

"నీ నోట్లో పంచదార పొయ్య! ఎంత చల్లని మాట చెప్పావు."

డాక్టరు అనుమానంగా చూశాడు. తను అంతసేపు చెప్పింది ఇంతలో ఎలా అయిపోయిందో అతనికి బోధపడలేదు.

"అంతా చెప్పావా?" అని తన భాషలో అడిగాడు.

గంగిరెద్దు తలూపింది. డాక్టరు మందులు రాయడం మొదలుపెట్టగానే సెలవు తీసుకుని బయటికొచ్చేసింది.

గోడకి జేరబడింది. ఒక్క మాట మింగకూడదన్నారు, తను మొత్తం మింగేసింది. ఆవిడకి చక్కబెట్టుకోవలసినవి ఉండవా? కడసారి చూసుకోవలసిన వాళ్ళు ఉండరా? మిగిలినవే ఆ కాసిని నెలలు. వాటిని ఆవిడకి తెలీకుండా దాచడానికి తనెవరు?

పని పోతే పోనీ. ఆవిడ ఏడిస్తే పక్కన కూచుని తనూ ఏడుస్తుంది. అంతకంటే ఏముంది!

కళ్ళు తుడుచుకుని వెనక్కి వెళ్ళింది. ఓరగా వేసి ఉన్న తలుపు మీద చెయ్యి వేసింది.

లోపల పెద్దావిడ ఈ దేశంలోనే పుట్టినట్టు, ఎక్కడా తడుముకోకుండా డాక్టరుతో ఆయన భాషలోనే అంటోంది, "మీరు చెప్పింది నాకు అంతా అర్థమైంది డాక్టర్, కానీ వచ్చే వారం కూడా ఆ పిల్లనే పిలిపించండి, నాకు మీ భాష రాదనే చెప్పండి."