గీకిన గోడ

మిషన్ ఆగింది. ఆ చప్పుడు మాత్రం ఆగలేదు.

గర్... గర్... పక్కగదిలో ఎవరో గోడ గీకుతున్నారు.

బట్టలు కుట్టుకుని బతికే ఆ తల్లి చటుక్కున లేచింది. సగం కుట్టిన జాకెట్టు పక్కన పడేసి పరిగెత్తింది.

పెద్దకూతురు మంచం మీద బోర్లా పడుకుని చదువుకుంటోంది. చిన్నకూతురు కింద కూర్చుని అక్క స్కూలు బూట్లకి తెల్లరంగు వేస్తోంది, చేతులనిండా పూసుకుని. మంచం పక్క గోడలో గుంట నిన్నటికంటే పెద్దదైంది. కింద సున్నం రాలి ఉంది.

“మళ్లీ గోడ తిన్నావా?” అని పెద్దదాని మీద విరుచుకుపడింది.

“అబ్బ, నేను కాదంటే నమ్మవేంటమ్మా! షుగర్ నాకుంటే చాదస్తం నీకుంది.”

చిన్నది కిసుక్కున నవ్వింది. తల్లికి మాత్రం నవ్వు రాలేదు.

ఆమె తమ్ముడికీ ఇదే షుగరు. వాడూ ఇలాగే గోడ గీకి సున్నం తినేవాడు. ఒంట్లో ఖనిజాలు తగ్గిపోతే అలా తినాలనిపిస్తుందని ఆ రోజుల్లో ఎవరికి తెలుసు? దెబ్బలేసి మాన్పించబోయారు. పద్నాలుగు నిండకుండానే పోయాడు. పెద్దదానికి వచ్చేనెల పద్నాలుగు నిండుతాయి. భయంతో ఆ తల్లి సగం చచ్చిపోయి ఉంది.

అందుకే ఆ పిల్ల కంచం మీదే ఆమె ప్రాణమంతా. గుడ్డు, ఆకుకూర, గుమ్మడిగింజలు, ఏది దొరికినా పెద్దదానికే. చిన్నదానికి ఇంట్లో పిచ్చుక అని ముద్దుపేరు. రెండు ముద్దలకే చెయ్యి కడిగేసుకుంటుంది, “అక్కకి పెట్టమ్మా” అంటూ. బంగారుతల్లి, దానితో ఏ బెంగా లేదు.

మొన్న ఆస్పత్రిలో షుగరున్న పిల్లలందరికీ రక్తం తీశారు, ఇనుము, జింకు, మెగ్నీషియం ఎంతున్నాయో చూస్తామని. పోల్చి చూడ్డానికి జబ్బులేని తోడబుట్టినవాళ్లనీ కూర్చోబెట్టారు. సూది చూసి పెద్దది కెవ్వుమంది. పిచ్చుక కిక్కురుమనలేదు.

ఆమె పిల్లల గదిలోంచి తిరిగొచ్చి మిషన్ సొరుగు లాగింది. గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దముక్క మళ్లీ మాయం.

“వదిలెయ్‌రా తమ్ముడూ... నా పెద్దదాన్ని తీసుకుపోకురా” అని పైకే అనేసింది.

అప్పుడే ఫోన్ మోగింది. డాక్టరమ్మ.

“పాప రిపోర్టు వచ్చిందమ్మా, అస్సలు బాగోలేదు. ఇనుము, జింకు అన్నీ అడుగంటిపోయాయి. వెంటనే తీసుకురండి. అన్నట్టు...”

అన్నట్టేమిటో వినే ఓపిక ఎవరికుంది? ఫోన్ పెట్టేసి పెద్దదాని రెక్క పట్టుకుంది.

“అమ్మా, నేనూ రానా?” అంది పిచ్చుక, గుమ్మానికి ఆనుకుని.

“నువ్వూ మొదలెట్టకే తల్లీ! కాసేపు పడుకో, వచ్చేస్తాం.”

ఆటో దొరికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆస్పత్రి మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు.

డాక్టరమ్మ పెద్దదాన్ని చూసింది. చేతిలో కాగితం చూసింది. తర్వాత వాళ్ల వెనక ఖాళీ గుమ్మం చూసింది.

“నా బిడ్డ నాకు దక్కుతుందా డాక్టరమ్మా?”

“ఈ పిల్ల నిక్షేపంలా ఉందమ్మా, నేను తీసుకురమ్మన్నది పోల్చి చూడ్డానికి రక్తమిచ్చిన ఆ చిన్నపాపని.”