ఆకాశానికి తాళం

"మా ఉపగ్రహాన్ని రోజూ చూస్తున్నది మీరేనా?" అన్నాడు ఆఫీసరు, పెరటి గుమ్మంలోనే నిలబడి.

పళ్ళ డాక్టరమ్మ తల తిప్పలేదు. క్లినిక్‌లో పాతబడిన రోగుల కుర్చీని పెరట్లో వేయించుకుని, అందులో వెనక్కి వాలి టెలిస్కోపులో కన్ను పెట్టి ఉంది. పొద్దు గుంకాక కాసేపే ఉపగ్రహాలు బాగా కనిపిస్తాయి. కింద చీకటి పడినా పైన వాటికింకా ఎండ తగులుతుంది మరి. ఆ కాసేపటిని దేవుడు దిగొచ్చినా వదులుకోదు, ఈ ఆఫీసరెంత!

"నేనే. కళ్ళున్నాయి కాబట్టి చూస్తున్నాను."

"అంత రహస్యమైనది ఎప్పుడు ఎటు పోతోందో నెట్‌లో పెడుతున్నది కూడా మీరేనా?"

"అదీ నేనే! నడినెత్తిన తిప్పుకుంటూ రహస్యమంటే ఎలాగండీ? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది."

వంటింటి కిటికీలో అత్తగారు గుడ్ల నీరు కుక్కుకుంది. "ఆ గొట్టమేదో ఆయనకిచ్చెయ్యవే తల్లీ! మనకెందుకొచ్చిన గొడవ?"

"మీరూరుకోండి అత్తయ్యా!"

ఆఫీసరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నేనొచ్చినట్టు ఎవరికీ తెలియకూడదు."

జీపు లేదు, వెంట బంట్రోతు లేడు. చప్పుడు చెయ్యకుండా పని కానిచ్చే రకం కాబోలు. డాక్టరమ్మ టెలిస్కోపుని గట్టిగా పట్టుకుంది. అద్దం తనే ఆర్నెల్లు అరగదీసి చేసుకున్న టెలిస్కోపు అది. ఎత్తుకుపోతారా ఏం?

"వారం నుంచి ఏమీ పెట్టడం లేదేం?" అడిగాడు.

"భయపడ్డాననుకున్నారా? మబ్బులు పట్టాయి! ఇవాళ విడిచాయి, మళ్ళీ పెడతాను."

ఆయన కళ్ళు మెరిశాయి. ఉచ్చులో పడిందనుకున్నాడేమో.

"చివరిసారి చూసినప్పుడు వెలుగు నిలకడగా ఉందా, మిణుకుమందా?"

"నిలకడగానే ఉంది. అదుపు తప్పి దొర్లుతుంటే మిణుకుమనేది."

ఆఫీసరు గుండెల మీద చెయ్యేసుకున్నాడు. అబ్బో, ఏం నటన!

"అది మాదేనని గట్టిగా చెప్పగలరా?"

"కోర్టుకెక్కించండి, అక్కడా చెబుతాను."

"అయితే... ఇవాళ ఎటు నుంచి వస్తుంది?"

అంతే, డాక్టరమ్మ దిగ్గున లేచి టెలిస్కోపుకి అడ్డంగా నిలబడింది.

"చచ్చినా చెప్పను! చెబితే దాన్ని దారి మళ్ళించి నన్ను అబద్ధాలకోరుని చేద్దామనా? అలాంటి ఉపగ్రహమే లేదని మీ ఆఫీసే కదా నాకు జవాబు రాసింది? లేనిదాని కోసం ఇంత దూరం ఎందుకొచ్చారు? ఈ టెలిస్కోపు పట్టుకుపోతే ఇంకోటి చేసుకుంటాను. చేతనైతే ఆకాశానికి తాళం వేసుకోండి!"

అత్తగారు చెవులు మూసుకుంది.

ఆఫీసరు గోడవతల ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూశాడు. ఎవరూ లేరు. వచ్చి రోగుల కుర్చీలో కూలబడి, రెండు చేతులూ జోడించాడు.

"మా ఉపగ్రహం తప్పిపోయిందమ్మా!"