పదమూడో ఎక్కం

"పదమూడు ఏడ్లు ఎంతరా?"

తనిఖీకి వచ్చిన హరిబాబు సారు ఇంత చిన్న ప్రశ్న అడిగితే, ఐదో తరగతి మొత్తం ఒక్కసారిగా పైకప్పు వంక చూసింది. జీవన్ కుమార్ కింద పడని పెన్సిలు కోసం బెంచీ కిందికి వంగాడు. వాడి వెనక రజిని తన వేళ్లు చాలక పక్కపిల్ల వేళ్లు కూడా లాక్కుని లెక్కపెట్టసాగింది.

కృప టీచరుకు చెమటలు పట్టాయి. పట్టవూ మరి! "మా పిల్లలకు ఇరవయ్యో ఎక్కం దాకా నోటికి వచ్చు సార్" అని ఇప్పుడే కదా గొప్పగా చెప్పింది! మూడు నెలలుగా రోజూ సాయంత్రం బడి వదలగానే ఒక ఎక్కాన్ని రాగం తీసి పాడి, రికార్డు చేసి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడుతోంది. పెట్టిన పది నిమిషాల్లో దండాలూ, పూలూ, బొటనవేళ్లూ వచ్చి పడుతున్నాయి. "ఇంకోటి పెట్టు టీచరమ్మా" అని వాయిస్ మెసేజులు కూడా.

"ఏందమ్మా ఇది? ఫోన్లో పాఠాలు చెప్తాండామని రిపోర్టు నిండా రాసినారు. ఈళ్లకు చూస్తే ఒక్క ముక్క రాదు" అన్నాడు హరిబాబు.

"రోజూ వింటున్నారు సార్, నిజం!"

"ఎవురు వింటాండారు? గోడలా?"

పిల్లలు కిసుక్కుమన్నారు. కృపకు తల కొట్టేసినట్టయింది.

"సోమవారం నుంచి ఈ గ్రూపు ఆపేయండి. అట్లనే రాసి పోతా" అంటూ ఆయన పెన్ను మూత తీశాడు.

ఆ గ్రూపు కోసం కృప ఇల్లిల్లూ తిరిగింది. అక్షరం ముక్క రాని తల్లులకు ఎక్కడ నొక్కితే మాట వినబడుతుందో వేలు పట్టుకుని చూపించింది. అదంతా ఒక్క సంతకంతో పోతుందంటే ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది.

"సార్, ఆగండి! ఒక్క తల్లికి ఫోన్ చేస్తా. మీరే అడగండి" అని జీవన్ తల్లి సామ్రాజ్యానికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టింది.

"వందనాలు టీచరమ్మా! ఆడోళ్లమంతా మిరప చేన్లో కాయలు కోస్తాండాం. ఏంది సంగతి?"

హరిబాబు ఫోను అందుకున్నాడు. "అమ్మా, నేను బడి చూడ్డానికి వచ్చిన ఆఫీసర్ని. టీచరు పంపే ఎక్కాలు వింటాండారా?"

"ఎందుకు వినం సార్? అన్నం తినకపోయినా అది వింటాం. ఎక్కం చెప్పుకుంటా కోస్తాంటే సాలు ఎప్పుడు అయిపోతాదో తెలవదు."

"ఓహో! అయితే పదమూడు ఏడ్లు ఎంతో చెప్పమ్మా" అన్నాడాయన వెటకారంగా.

అవతల కలకలం రేగింది. "ఏమే పుష్పమ్మా! యల్లమ్మక్కా! కాయలు ఆడ పారేసి తొందరగా రాండే! సారు పరీక్ష పెట్టినాడు!"

మరుక్షణం ఇరవై గొంతులు ఫోన్లోంచి దూకాయి.

"పదమూడు ఏడ్లు తొంభై ఒకటి! పదమూడు ఎనిమిదులు నూట నాలుగు! పదమూడు తొమ్మిదులు నూట పదిహేడు!"

అదే కృప రాగం, అదే ఊపు. హరిబాబు "చాలమ్మా, చాలు" అంటున్నా వినిపించుకోకుండా పద్నాలుగో ఎక్కంలోకి వెళ్లిపోయారు. "అది మా అమ్మ గొంతు!" అని రజిని బెంచీ ఎక్కి గంతులేసింది. ఎవరో తప్పు చెబితే యల్లమ్మ గట్టిగా కసిరి, మళ్లీ మొదటినుంచి చెప్పించింది. తరగతంతా చప్పట్లు. కృపకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

హరిబాబు కళ్లు తుడుచుకునేంతగా నవ్వి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"శభాష్ తల్లీ! గ్రూపు ఆపమని రాయను గానీ, ఒక్క మాట చెప్పు. మీకు ఇంత బాగా వచ్చినప్పుడు మీ పిల్లోళ్లకు ఒక్కటీ రాలేదేంది?"

సామ్రాజ్యం గొంతు మెల్లగా వినిపించింది.

"అయ్యో సార్! పిల్లోళ్లకు బడి ఉండాది గదా, ఇది సదువుకోని మాకే అనుకోని, మా పాఠం టైములో ఫోను ముట్టుకుంటే ఈపు పగలగొట్టి బయటికి తరుముతాండాం గదా!"