కర్త తెలియదు

రాహేలమ్మ ఫోన్లోని పాటను దొంగిలించిందని, విచారణకు కర్నూలు నుంచి లాయరమ్మ వస్తోందని పక్కింటి భీమమ్మ బోరింగు దగ్గర చెప్పిందట. ఆ మాట మనవరాలు నిస్సీ చెవిన పడేసరికి అందులో పోలీసులు కూడా వచ్చి చేరారు.

వచ్చింది లాయరు కాదు. లా కాలేజీలో నిస్సీకి పాఠం చెప్పే ప్రసన్నకుమారి మేడమ్. రచన ఎవరి సొత్తు, ఇంటర్నెట్లో దాన్ని ఎవరు వాడుకోవచ్చు అనే చట్టంలో జిల్లాలో ఆమెను మించినవాళ్లు లేరు. జానపదాల మీద హక్కెవరిదో చెప్పిన తొలి పుస్తకంతో పేరు, ఆ పేరుతో కొలువు. వచ్చే నెలలో రిటైర్మెంటు, పెద్ద సన్మానం.

అవ్వ పాడిన పాటను నిస్సీ నెట్లో పెడితే, అది తమదని ఒక పాటల కంపెనీ ఫిర్యాదు చేసి తీసేయించింది. క్లాసులో నిస్సీ ఆ పాట ఎత్తుకోగానే మేడమ్ పాఠం ఆపేసి, ఆదివారం మీ ఊరొస్తానంది. కోయిలకుంట్ల నుంచి ఆటోలో వచ్చి దిగి, ఎవరినీ దారి అడక్కుండా గుమ్మం ముందు నిలబడింది.

మేడమ్ అడుగుతుంటే అవ్వ చెప్పింది, నిస్సీ రాసుకుంది. పెద్దకొడుకు యోసేపు ఏడేళ్లకే జ్వరంతో పోయాడు. ఆ ఏడు శనగచేలో కలుపు తీస్తూ రాహేలమ్మ పాట కట్టుకుంది. 'నీళ్లడిగితివి యోసేపూ, నే తెచ్చేలోగా నిద్రపోతివి' అని మొదలు. కూలివాళ్ల నోట పడి ఊళ్లు దాటింది. కంపెనీ పాటలో యోసేపు లేడు, 'బంగారు కొడుకు' ఉన్నాడు.

"వాని ఫోటో గూడా లేదు నా దగ్గర. పాటలో ఆ పేరొక్కటి నిలబెట్టమ్మా, నాకింకేమీ వద్దు," అంది రాహేలమ్మ.

కంపెనీ తన ఫిర్యాదుకు జతచేసిన కాగితాన్ని నిస్సీ చదివింది. ఏదో పాత పరిశోధన గ్రంథంలో ఒక పేజీ. రాసినవారి పేరు లేదు. అందులోనూ బంగారు కొడుకే. కింద 'జానపదం, కర్త తెలియదు' అని ఉంది. ఎవరిదీ కాని పాటను తామే మెరుగుపెట్టామని కంపెనీ వాదన.

"తెలీకపోవడమేంది?" అంది అవ్వ. "ముప్పై అయిదేండ్ల కిందట ఒక కాలేజీ పిల్ల టేపురికార్డరు పట్టుకోనొచ్చె. మూడు దినాలు ఈడే తినింది, ఈడే పండుకునింది. వాడు పోయినాది, నేను పాట కట్టినాది అంతా చెప్పినా. ఏడుస్తా రాసుకునింది."

నిస్సీకి ప్రాణం లేచొచ్చింది. "ఆమె సాక్ష్యం చెప్తే చాలు గదా మేడమ్?"

మేడమ్ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

"చాలు. కానీ కట్టినామె కళ్లెదుట ఉంటే దాన్ని జానపదమనరు. పరిశోధనకు పట్టా రాదు. అందుకే ఆ పిల్ల అవ్వ పేరూ, యోసేపు పేరూ కొట్టేసి ఉంటుంది. ఇప్పుడు నోరు విప్పితే ఆమె పుస్తకం అబద్ధమవుతుంది, సంపాదించుకున్న పేరంతా పోతుంది. ఇన్నేళ్ల తర్వాత ఆమె ఒప్పుకుంటుందని నేననుకోను."

రాహేలమ్మ మేడమ్ మొహంలోకే చూస్తూ అంది.

"ఆమె గీమె ఎందుకు పాపా, నువ్వు ఒప్పుకుంటావా లేదా?"